ఒక ప్రాథమిక పాఠశాలలో బతుకమ్మ: 120 మంది పిల్లలు, 12 పళ్లేలు

దసరా సెలవులకు ముందు తెలంగాణ సర్కారు బడుల్లో బతుకమ్మ ఆడించడం మామూలైపోయింది. 2014లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక ఈ ఆనవాయితీ ఇంకా గట్టిపడింది. చాలా చోట్ల జరిగే తీరు మాత్రం ఒకటే. టీచర్లు, ముగ్గురు నలుగురు తల్లులు కలిసి స్టాఫ్ రూములో ఒక పెద్ద బతుకమ్మను పేరుస్తారు. అంతసేపూ పిల్లలు బయట ఎండలో వరసలు కట్టి ఉంటారు. అతిథి వస్తారు, మాట్లాడతారు, ఫొటోలు తీస్తారు, స్పీకర్‌లో పావుగంట పాట మోగుతుంది, అయిపోతుంది. ఇట్లా ఐదేళ్లు చూసిన బిడ్డ ఐదో తరగతి దాటి పోతుంది, ఒక్క వరస పేర్చడం కూడా రాకుండానే.

ఇక్కడ తీసుకున్నది అదే పండుగను పిల్లల చేతికి ఇచ్చిన పద్ధతి. ఒకటి నుంచి ఐదు తరగతులు, 120 మంది పిల్లలు, విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం నలుగురు టీచర్లు, ఇద్దరు వంట కార్మికులు ఉన్న పల్లె బడి. ఒక పెద్ద బతుకమ్మకు బదులు 12 చిన్నవి, పది మందికి ఒక పళ్లెం. ఈ ఒక్క మార్పుతో పూల లెక్క, ఆట స్థలం, టీచర్ల పని, శుభ్రం చేసే పని అన్నీ మారిపోతాయి. కింద రాసినవన్నీ ఆ మార్పు వెంట వచ్చినవే.

ఏ రోజు పెట్టుకోవాలి

పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు వస్తుంది. బడికి అప్పటికే సెలవులు ఉంటాయి, లేదా ఆ రోజు ఇంట్లో పనులుంటాయి. అందుకే బడిలో ముందస్తుగా చేస్తారు. చాలామంది సెలవుల ముందు చివరి పనిదినం ఎంచుకుంటారు, కానీ దానికి ముందు రోజే మేలు. చివరి రోజు దూరపు చుట్టాలింటికి పోయేవాళ్లు పొద్దున్నే బస్సెక్కుతారు, హాజరు పడిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, మర్నాడు బడి ఉంటేనే పూలు ఎరువు గుంటలో వేయడం, లెక్కలు రాయడం, పిల్లల చేత బొమ్మలు గీయించడం కుదురుతుంది. చివరి రోజు చేస్తే వాడిపోయిన పూలు వరండాలో కుళ్లి సెలవులయ్యాక టీచర్ల కంటబడతాయి.

ప్రాథమిక తరగతులకు చట్టం చెప్పే 200 పనిదినాల్లో ఇదీ ఒకటి. రోజంతా పాఠం పోయిందని అనుకోనక్కర్లేదు. పేర్చడం, ఆట, తిండి, చేతులు కడగడం అన్నీ కలిపి మూడు గంటల పని. మిగతా సమయం తరగతులు నడపవచ్చు, నడపాలి కూడా.

పూల లెక్క

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. "రేపు అందరూ పూలు తీసుకురండి" అని ప్రార్థనలో చెబితే కొందరు సంచెడు బంతిపూలు, కొందరు రెండు మందారాలు తెస్తారు, సగం మంది ఉత్త చేతులతో వస్తారు. లెక్క ముందే వేసుకోవాలి.

పళ్లెం 30 సెం.మీ. వెడల్పు అనుకుందాం. అంచున కొంచెం ఖాళీ వదిలి, అడుగున ఆకుల మీద తంగేడు ఒక వరస. దాని పైన 24 సెం.మీ. వెడల్పున గునుగు వరస. ఆ పైన 21 సెం.మీ. బంతి, 18 సెం.మీ. గునుగు, 15 సెం.మీ. బంతి, 12 సెం.మీ. గునుగు. కొసన గుమ్మడి పువ్వు. ఎత్తు ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. మూడో తరగతి బిడ్డ రెండు చేతులతో మోయగల బరువు.

24 సెం.మీ. వలయం చుట్టుకొలత సుమారు 75 సెం.మీ. నాలుగు గునుగు కంకులను దారంతో కడితే ఆ కట్ట రెండున్నర సెంటీమీటర్లు పట్టుకుంటుంది. అంటే 30 కట్టలు, 120 కంకులు. పై రెండు వరసలకు 90, 60 చొప్పున వేస్తే ఒక బతుకమ్మకు 270. పన్నెండింటికి 3,240. బిడ్డకు 27. దారిలో రాలేవి, విరిగేవి ఉంటాయి కాబట్టి ఒక్కొక్కరిని 30 కంకులు అడగాలి. బంతి రెండు వరసలకు 22 నుంచి 24 పూలు పడతాయి, పన్నెండింటికి 290 దాకా. బిడ్డకు మూడు చాలు. తంగేడు బిడ్డకు రెండు రెమ్మలు. ఈ లెక్కను నాలుగు, ఐదు తరగతుల చేతే చేయించాలి. పళ్లెం మీద గిరిగీసి, దారంతో చుట్టుకొలత కొలిచి, ఒక కట్ట వెడల్పు కొలిచి, భాగించడం. పుస్తకంలోని లెక్క కంటే ఇది శ్రద్ధగా చేస్తారు, ఎందుకంటే తప్పితే పూలు తక్కువ పడతాయి.

తెచ్చిన పూలన్నీ బడికి రాగానే ఒకే కుప్పగా, రకాల వారీగా పోయించాలి. ఇది గట్టిగా పాటించాలి. ఎవరి పూలు వారి దగ్గరే ఉంటే తోట ఉన్న ఇంటి పిల్లల పళ్లెం నిండుగా, కూలికి పోయే తల్లి పిల్లల పళ్లెం వెలితిగా కనబడుతుంది. కుప్పలో కలిశాక ఎవరు ఎన్ని తెచ్చారన్నది ఎవరికీ గుర్తుండదు.

ఎప్పుడు తెంపాలి, ఎక్కడ తెంపకూడదు

గునుగు రెండు మూడు రోజుల ముందే తెంపుకోవచ్చు. ఎండినా రూపం చెడదు, రంగు కూడా పొడి కంకికే బాగా పడుతుంది. బంతి నీడలో తడి గుడ్డ కప్పి ఉంచితే రెండు రోజులు ఆగుతుంది. తంగేడుతోనే తిప్పలు: కోసిన కొన్ని గంటలకే రెక్కలు రాలడం మొదలవుతుంది. దాన్ని అదే రోజు పొద్దున కోసి, కాడలు నీళ్లలో ఉంచి తేవాలి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. కాబట్టి పేర్చడం ఉదయం మొదటి పీరియడ్లలోనే అయిపోవాలి. కోసేటప్పుడు సన్నని పొడుగాటి కాడ మీద ఉండే మగ పువ్వులనే కోయమనాలి. అడుగున చిన్న పిందె ఉంటే అది ఆడ పువ్వు, దాన్ని కోస్తే ఆ ఇంటికి ఒక కాయ పోయినట్టే.

తంగేడు, గునుగు దొరికేది పొలం గట్ల మీద, పడావు భూముల్లో. ఆ రోజుల్లో పత్తి చేలల్లో పురుగుమందు కొడుతుంటారు. గడ్డి ఏపుగా ఉంటుంది, పాములు తిరుగుతాయి, చేన్లలో గట్టులేని బావులు నిండి ఉంటాయి. పూల కోసం బడి వేళలో పిల్లలను పంపకూడదు. ఇంటికి పంపే చీటీలో "పెద్దవాళ్లతో కలిసి మాత్రమే, పత్తి చేనులోకి దిగకుండా" అని స్పష్టంగా రాయాలి.

చీటీలో తేకూడని పూల పేర్లూ ఉండాలి. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ విషమే. ఆకు, పువ్వు, పాలు ఏదీ నోట్లోకి పోకూడదు, ఒకటో తరగతి పిల్లలు మాత్రం ఏదైనా నోట్లో పెట్టుకుంటారు. ఇళ్లలో పేర్చే బతుకమ్మల్లో గన్నేరు వాడటం ఉంది, కానీ పది మంది చిన్నపిల్లల చేతుల మధ్య వద్దు. ఉమ్మెత్త కూడా అంతే. అడుగున పరచడానికి ఆముదం ఆకులు తెస్తే కాయలు, గింజలు లేకుండా చూడాలి. గుమ్మడి ఆకు ఉంటే ఆ బెడదే లేదు.

గునుగుతో కలిసి గట్ల మీద పెరిగే వయ్యారిభామ గురించి వేరే చెప్పాలి. కాంగ్రెస్ గడ్డి అంటారు. చిన్న తెల్ల పూలు చూసి ముచ్చటపడి పిల్లలు గుత్తులు గుత్తులు తెస్తారు. దాని పుప్పొడికి తుమ్ములు, ఆయాసం, చేతుల మీద దురద వస్తాయి. కుప్ప పోసే చోట ఒక టీచర్ నిలబడి వయ్యారిభామను అక్కడికక్కడే పక్కకు తీయాలి. తంగేడు, బంతి గుత్తులను కుప్పలో వేయకముందే బయట ఒకసారి దులపాలి. తేనెటీగలు, గండుచీమలు వాటితో పాటే వస్తాయి.

గునుగుకు రంగులు

ముందు రోజు మధ్యాహ్నం పని ఇది. బజారు రంగు పొట్లాల్లో చాలావాటికి లోపల ఏముందో రాసి ఉండదు, చేతులకు రెండు రోజులు అంటుకుంటాయి. బడిలో మూడు రంగులు చాలు. పసుపు రంగుకు లీటరు గోరువెచ్చని నీటికి రెండు పెద్ద చెంచాల పసుపు. ఎరుపుకు అదే నీళ్లలో చిటికెడు చిటికెడుగా సున్నం కలుపుతూ పోతే పారాణి రంగు వస్తుంది. మూడోది గునుగు సొంత రంగు, తెలుపు మీద లేత గులాబీ. బీట్‌రూట్ నీళ్లు కూడా ప్రయత్నించవచ్చు, కాకపోతే రంగు వెలిసినట్టు వస్తుంది.

సున్నం కంట్లో పడితే ప్రమాదం. అది కలపడం పెద్దవాళ్ల పని, పిల్లలు చూడాలంతే. రంగు మారే క్షణం వాళ్లందరూ చూసేలా గాజు సీసాలో ఒకసారి చేసి చూపించాలి. తర్వాత ఆ ఎర్ర నీళ్లలో నాలుగు నిమ్మచుక్కలు వేస్తే మళ్లీ పసుపు అవుతుంది. పరిసరాల విజ్ఞానం పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

కట్టలను తలకిందులుగా పట్టుకుని కంకి వరకే ముంచాలి, కాడ తడవకూడదు. ఒక్క మునక, విదిలింపు, పాత పేపర్ల మీద నీడలో ఆరబెట్టడం. ఎక్కువసేపు నానబెడితే కంకి మెత్తబడి మర్నాడు వంగిపోతుంది. రాత్రికి గదిలో ఫ్యాన్ కింద పరచాలి. సంచిలో కట్టి పెడితే తెల్లారేసరికి బూజు వాసన వస్తుంది.

పేర్చడం

పది మంది జట్టులో ప్రతి తరగతి నుంచి ఇద్దరు. ఒకే తరగతి వాళ్లను ఒక జట్టుగా పెడితే ఒకటో తరగతి జట్ల దగ్గర పెద్దవాళ్లే అంతా పేర్చేస్తారు. కలిపి పెడితే పని దానంతటదే పంచుకుంటారు. ఒకటి, రెండు తరగతుల వాళ్లు పూలు రంగుల వారీగా వేరు చేసి అందిస్తారు. మూడో తరగతి తంగేడు ఆకులు దూసి నడుమ నింపడానికి సిద్ధం చేస్తుంది. నాలుగు, ఐదు తరగతులు కట్టలు కట్టి పేరుస్తాయి. కత్తెర జట్టుకు ఒకటే, అది ఐదో తరగతి చేతిలోనే. మూడు జట్లకు ఒక టీచర్, ఒక తల్లి. పేర్చేది పిల్లలే, పెద్దవాళ్లు పళ్లెం మీద చేయి వేయరని తల్లులకు ముందే మర్యాదగా చెప్పాలి. అలవాటున్న చేతులు కదా, ఆగవు.

పువ్వు తల బయటికి, కాడ లోపలికి. ఒక వరస పూర్తయ్యాక నడుమ గుంతలా మిగిలే చోట తంగేడు ఆకు, కత్తిరించిన కాడలు వేసి అరచేత్తో గట్టిగా అదమాలి. ఆ తర్వాతే పై వరస, చుట్టూ వేలి మందం లోపలికి జరిపి. బతుకమ్మ ఒరగడానికి కారణం ఎప్పుడూ నడుమే. పైకి అందంగా కనబడుతుంటే పిల్లలు లోపల నింపడం మరచిపోతారు, నాలుగో వరసకు పై బరువు గుంతలోకి దిగుతుంది, ఒక పక్క పూలు విచ్చుకుంటాయి. రెండో కారణం తడి ఆకు. వానలో తడిసిన ఆకు నింపితే అదిమినప్పుడు గట్టిగానే ఉంటుంది, అరగంటకు కుంగుతుంది. ఒరిగిన దాన్ని పురికొసతో బయటి నుంచి చుట్టి నిలబెట్టడం చూస్తుంటాం, అది నిలవదు. పై రెండు వరసలు తీసి, నడుమ మళ్లీ నింపడమే దారి. దీనికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ పది నిమిషాలూ ఇవ్వాలి.

మొత్తం పేర్చడానికి గంటంబావు పెట్టుకోవాలి. అతిథులను పిలవాలనుకుంటే ఈ వేళకే పిలవాలి. పిల్లల పక్కన చాప మీద కూర్చుని చూస్తే వాళ్లకూ తృప్తి, పిల్లలు ఎండలో నిలబడి ఎదురుచూసే పనీ ఉండదు. వేదిక, కుర్చీలు, ప్రసంగాలు లేకపోతే ఎవరూ నొచ్చుకోరు.

పోటీ, బహుమతులు పెట్టవద్దు. "మంచి బతుకమ్మకు ప్రైజు" అనగానే పళ్లేలు ఇంటి నుంచి పేర్చి వస్తాయి.

పూజ, బట్టలు, ఆడేవాళ్లు

రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న ఏ సంస్థలోనైనా మతారాధనకు హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు, పిల్లలైతే సంరక్షకుల సమ్మతి ఉండాలి. ఆచరణలో దీనికి సులువైన మార్గం ఉంది. పసుపు గౌరమ్మను చేసి పూజించడం ఇంటికి వదిలి, పూలు, పాట, ఆట బడిలో ఉంచాలి. అప్పుడు ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా పూలు కట్టడానికి, లెక్క వేయడానికి, రంగులు అద్దడానికి మొదటి నుంచీ ఉంటారు. చుట్టూ తిరిగి ఆడటం ఇష్టం లేకపోతే పాట అందుకోవడం, నీళ్లు అందించడం వంటి నిజమైన పనులు ఉంటాయి. మూలన కూర్చోబెట్టడం మాత్రం తప్పు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయిన పిల్లలు కూడా ఆడకపోవచ్చు. తరగతి టీచర్‌కు ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి, అందరి ముందు "నువ్వెందుకు ఆడట్లేదు" అనే ప్రశ్న రాకూడదు.

మగపిల్లలు పూలు తెచ్చి ఇచ్చి పక్కకు జరగడం అలవాటు. జట్టులో పేర్చే పని వాళ్లకూ సమానంగా ఇస్తే ఆ అలవాటు బడి లోపల నిలవదు.

"అమ్మాయిలు లంగా ఓణీలో రావాలి" అని చీటీలో రాయవద్దు. అది కొనలేని ఇంట్లో ఆ రాత్రి ఏడుపే. యూనిఫాం అయినా, ఉన్న బట్ట అయినా సరే అని రాయాలి.

ఆట స్థలం, పాట

120 మందిని ఒకే వలయంలో నిలబెట్టాలంటే మనిషికి 90 సెం.మీ. చొప్పున 108 మీటర్ల చుట్టుకొలత కావాలి. అంటే 34 మీటర్ల వెడల్పు మైదానం. చాలా బళ్లకు అది లేదు. రెండు వలయాలు వేయాలి. నడుమ రెండు మీటర్ల గిరిలో 12 బతుకమ్మలు. ఒకటి, రెండు తరగతుల 48 మందికి 14 మీటర్ల వెడల్పు లోపలి వలయం, మిగతా 72 మందికి 21 మీటర్ల బయటి వలయం. ముగ్గుపిండితో రెండు గిరులూ గీసి ఉంచాలి. గీత లేకపోతే నాలుగు చుట్లకే వలయం నడిమికి కుంచించుకుపోయి చిన్నపిల్లల కాళ్లు పళ్లేలకు తగులుతాయి. రెండు వలయాలూ ఒకే దిక్కుకు తిరగాలి. ఎదురెదురుగా తిప్పితే చూడ్డానికి బాగుంటుంది కానీ ఆరేళ్ల పిల్లలు ఎటు పోవాలో తెలియక ఆగిపోతారు, వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు.

స్పీకర్‌లో వచ్చే డీజే పాటల వేగం చిన్నపిల్లల అడుగుకు అందదు. వంగి చప్పట్లు కొట్టేలోపు తర్వాతి అడుగు వచ్చేస్తుంది, పడిపోతారు. ఊళ్లో పాట వచ్చిన ఒక పెద్దమ్మను పిలిచి, మైకు లేకుండా ఆమె ఒక చరణం అంటుంటే పిల్లలు "ఉయ్యాలో" అని అందుకోవాలి. పాడే ఊపిరికి తగ్గట్టే అడుగు పడుతుంది. వారం ముందు నుంచి ప్రార్థన తర్వాత ఐదు నిమిషాలు ఒకే పాట నేర్పితే చాలు. ఆట 20 నిమిషాలు మించకూడదు, మధ్యలో ఒకసారి నీళ్లు.

వాన వస్తే ఆట వాయిదా వేసే పని లేదు. జట్టుకో మూల వరండాలో, గదుల్లో పది మంది తమ పళ్లెం చుట్టూ తిరుగుతారు. ఒకే పెద్ద బతుకమ్మ ఉంటే ఈ వెసులుబాటు ఉండదు.

సత్తు పిండి

మధ్యాహ్న భోజనం యథాప్రకారం వండాలి. సత్తు పిండి తీపిని భోజనం తర్వాతే ఇవ్వాలి, ముందు ఇస్తే అన్నం పళ్లెంలోనే మిగులుతుంది. బిడ్డకు 30 గ్రాములు, 120 మందికి 3.6 కిలోలు. వేయించి పట్టించిన మక్క పిండి కిలోన్నర, వేయించిన పల్లీల పొడి కిలో, తరిగిన బెల్లం 1.2 కిలోలు, నెయ్యి 300 గ్రాములు కలిపితే నాలుగు కిలోలు అవుతుంది, పెద్దవాళ్లకూ సరిపోతుంది. పొడిగా చేతిలో పోస్తే నవ్వుతూ మాట్లాడుతూ తినే పిల్లలకు పొలమారుతుంది. అందుకే నెయ్యితో చిన్న ముద్దలు కట్టాలి. పల్లీలు పడని పిల్లలెవరైనా ఉన్నారేమో ఇంటి చీటీలోనే అడగాలి, ఉంటే వాళ్లకు మక్క పిండి, బెల్లంతో వేరే గిన్నెలో ముందుగానే కట్టి పెట్టాలి. బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు చాక్‌పీసులకు, మరమ్మతులకే చాలదు. సరుకులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తల్లులు తలాకొంచెం తెస్తే నగదు వసూలు చేయాల్సిన పనే రాదు.

తినే ముందు చేతులు సబ్బుతో కడిగించడం ఈ రోజు రెండింతల పని. పూల జిగురు, సున్నం, పసుపు అన్నీ గోళ్లలో ఉంటాయి. 120 మందికి ఒక్క నల్లా అయితే అరగంట పడుతుంది. మూడు బకెట్లు, మూడు మగ్గులు పెట్టి జట్ల వారీగా పంపాలి.

నీళ్లలో వదలడం

ఆ నెలలో చెరువులు నిండుగా ఉంటాయి, మెట్లు పాచి పట్టి జారుతుంటాయి. నలుగురు టీచర్లు 120 మందిని చెరువు గట్టుకు తీసుకుపోవడం ఏ విధంగానూ క్షేమం కాదు. బడి చెట్టు కింద వంద లీటర్ల టబ్బు రెండింటిలో సగం వరకు నీళ్లు నింపి, జట్టుకో బతుకమ్మను అందులో వదలాలి. నిండిన టబ్బు కూడా చిన్నపిల్లలకు ప్రమాదమే కాబట్టి పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి, అయిపోగానే నీళ్లు చెట్లకు పోయాలి. తప్పకుండా చెరువులోనే వదలాలని ఊరివాళ్లు కోరితే బడి వదిలాక తల్లులే ఒక ఆటోలో పళ్లేలు తీసుకుపోతారు, పిల్లలు ఎవరితోనూ కాక తమ అమ్మలతోనే పోతారు.

టబ్బులోంచి తీసిన పూలకు ముందు దారాలు విప్పాలి. ఈ పని మర్నాడు ఉదయం పిల్లలే చేస్తారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు గుంటలో పూలు ఒక పొర, మట్టి ఒక పొర వేసి కప్పాలి. పసుపు, సున్నం అద్దిన గునుగు అందులో వేయవచ్చు. ఎవరైనా ఇంటి నుంచి బజారు రంగు గునుగు తెచ్చి ఉంటే అది వేరుగా తీసేయాలి.

గుంటలో వేయకముందు రంగు అద్దని ముదురు గునుగు కంకులు కొన్ని పక్కన పెట్టి పేపర్ మీద దులిపితే నల్లని సన్న గింజలు రాలతాయి. పొట్లం కట్టి తేదీ రాసి ఉంచితే జూన్ వానలకు ప్రహరీ వెంట చల్లుకోవచ్చు, సెప్టెంబరుకు పూస్తుంది. ప్రహరీ లోపలే చల్లాలి, పక్క రైతుకు అది కలుపు. తంగేడు గింజ తొక్క గట్టిది, వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి విత్తాలి, అది పూతకు రావడానికి ఏడాది పైనే పడుతుంది. రాష్ట్ర పుష్పం బడి గోడ వెంటే ఉంటే, తెల్లవారుజామున గట్ల మీదికి పోవాల్సిన ఇళ్లు కొన్నయినా తగ్గుతాయి.